గోరు ఆరాకే జిగురు

మా అక్క కూతురి పెళ్లిలో, తలంబ్రాల పళ్లెంలో, పసుపు బియ్యం మధ్య ఒక లేతగులాబీ రంగు గోరు కనిపించింది. ముందు చూసింది నేనే. మూడు గంటల క్రితం దాన్ని పెళ్లికూతురి వేలికి అతికించింది కూడా నేనే. తలెత్తి చూస్తే ఆ పిల్ల నావైపే చూస్తోంది. ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని, పెదవులు కదిలీ కదలకుండా "పిన్నీ, ఇంకోటి కూడా కదులుతోంది" అంది. ఇప్పుడు ఆల్బమ్ తిరగేస్తే తలంబ్రాల దగ్గర్నుంచి ప్రతి ఫోటోలోనూ ఆ చెయ్యి పిడికిలి బిగించే ఉంటుంది. ఆ పేజీ దగ్గర నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పటికి నాకు తెలిసినంతలో అన్నీ సరిగ్గానే చేశాననుకున్నాను. మంచి సెట్టే కొన్నాను. దాంతో వచ్చిన జిగురే వాడాను. ఒక్కో గోరునీ ముప్పై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకున్నాను. పొరపాటు అంతకుముందే జరిగిపోయింది. మంగళస్నానం చేసి వచ్చి తల ఆరబెట్టుకుంటున్న పిల్లను, ముహూర్తానికి టైమైపోతోందని, అలాగే కూర్చోబెట్టి మొదలుపెట్టేశాను. ఒళ్లంతా నలుగు పెట్టారు, తలకి నూనె రాశారు, బిందెలకొద్దీ నీళ్లు పోశారు. అలాంటి చేతిమీద ఏ జిగురూ నిలవదు. పెట్టుడు గోరు ఎన్నాళ్లుంటుందో జిగురు సీసా మూత తియ్యకముందే తేలిపోతుందని ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత ఎన్నో చేతులకి పెట్టాను, ఎన్నో రకాల సెట్లు చూశాను. ఆ మాట మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునేవాళ్లకి గోరు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చర్మం మీది ఎరుపు రెండు వారాల్లో వెలిసిపోతుంది. గోటి మీది ఎరుపు వెలవదు, మెల్లగా ముందుకు జరుగుతుంది. శ్రావణ శుక్రవారం నోముకి గోటి మొదట్లో నెలవంకలా కొత్త గోరు తెల్లగా కనిపిస్తుంది. దసరాకి ఎరుపు సగానికొస్తుంది. సంక్రాంతికి కొసన సన్నటి గీత మిగిలితే మిగులుతుంది, లేకపోతే అదీ ఉండదు. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి కొసదాకా పూర్తిగా మారడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, పెట్టుడు గోరు తొందరపడి పీకితే అసలు గోటి పైపొర కూడా దాంతో లేచిపోతుంది. ఆషాఢంలో చేసిన ఆ పనికి సంక్రాంతిదాకా గోరు పల్చబడి, పెచ్చులూడుతూనే ఉంటుంది.

గోరంటే కెరటిన్ పొరలు ఒకదానిమీద ఒకటి అతుక్కుని గట్టిపడిన రేకు. మందం అర మిల్లీమీటరుకి అటూఇటూ. చూడ్డానికి గాజుపలకలా ఉంటుంది గానీ నీళ్లు బాగా పీలుస్తుంది. అంట్లు తోమాకో, బట్టలు జాడించాకో గోరు మెత్తబడి వంగడం అందరం చూసేదే. నీళ్లు పీల్చినప్పుడు గోరు కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ బిగుసుకుంటుంది. ఉబ్బినప్పుడు ప్లాస్టిక్ గోరు అతికించామనుకోండి. కింది గోరు ఆరి దగ్గరికి లాక్కుంటుంది, పైనున్న ప్లాస్టిక్ కదలదు. మధ్యలో ఉన్న జిగురు పొర చిట్లుతుంది. తలంబ్రాల పళ్లెంలో నేను చూసింది దాని ఫలితమే.

అందుకే గోళ్లు పెట్టుకునే రోజు చేతులు నానబెట్టకండి. పార్లర్‌లో చేసినట్టు ముందు గోరువెచ్చని నీళ్లలో పదినిమిషాలు పెట్టమని చాలామంది చెప్తారు. మామూలు గోళ్లకి అది బాగానే ఉంటుంది, అతికించేవాటికి మాత్రం అదే మొదటి చెరుపు. రాత్రి భోజనాలయ్యి, వంటిల్లు సర్దుకున్నాక, సబ్బుతో చేతులు కడిగి, గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, ఒక గంట ఆగండి. ఆ గంటలో ఫోన్ మాట్లాడుకోండి, సీరియల్ చూడండి, పిల్లల చేత హోమ్‌వర్క్ చేయించండి. తడి పని మాత్రం వద్దు.

గంటయ్యాక అసలు పని. పాత నెయిల్ పాలిష్ ఉంటే రిమూవర్‌తో తీసెయ్యాలి. రిమూవర్ సీసా మీద తేమనిస్తుందనో, విటమిన్-ఇ ఉందనో, నూనెలు కలిశాయనో రాసి ఉంటే ఈ పనికి అది వద్దు, గోటి మీద జిడ్డు మిగులుస్తుంది. తర్వాత గోటి మొదట్లో పల్చటి చర్మం గోటిమీదికి పాకి అతుక్కుని ఉంటుంది. సెట్టుతో వచ్చే చిన్న చెక్కపుల్లతో దాన్ని మెల్లగా వెనక్కి నెట్టండి. కత్తిరించకండి. లోపలికి క్రిములు పోకుండా కాపలా ఉండేది ఆ చర్మమే. దాన్ని కోసుకుని గోరుచుట్టు తెచ్చుకున్నవాళ్లని నేను చూశాను. ఆ సలపరం రాత్రి నిద్ర పోనివ్వదు. అయితే నెట్టకుండా వదిలేసినా లాభం లేదు. జిగురు ఆ పల్చటి చర్మం మీదే పట్టుకుని, రెండురోజుల్లో చర్మంతో పాటే లేచివస్తుంది.

ఇక నునుపు. బఫర్‌తో గోటిమీద రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్దితే మెరుపు పోయి మసకగా కనిపిస్తుంది. అక్కడితో ఆపెయ్యాలి. జిగురుకి కావలసింది ఆ కాస్త గరుకే. ఇంకొంచెం రుద్దితే ఇంకా బాగా అంటుకుంటుందని అనిపిస్తుంది గానీ, అర మిల్లీమీటరు రేకుని ఎన్నిసార్లని అరగదీస్తాం! ఆఖరున, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పది గోళ్లూ, అంచులూ మూలలతో సహా తుడవండి. శానిటైజర్ వద్దు, అందులో సాధారణంగా గ్లిజరిన్ కలుపుతారు, అదీ జిడ్డే.

తుడిచిన తర్వాత చేతులు మన మాట వినవు. ఒక చెయ్యి జడ సవరించుకోవడానికి పోతుంది, ఇంకోటి చెంప తుడుచుకుంటుంది. కొబ్బరినూనె రాసిన జుట్టుని ఒక్క వేలు తాకినా ఆ వేలు మళ్లీ తుడవాల్సిందే. ఆ రోజు జుట్టు ముడివేసుకుని కూర్చోమంటాను నేను. చెమట పట్టే చేతులైతే ఫ్యాన్ కింద కూర్చోవాలి.

సైజు విషయానికొస్తే, ఒక సెట్టులో సాధారణంగా 24 గోళ్లుంటాయి, సైజుకి రెండు చొప్పున. లోపలివైపు చిన్న అంకె వేసి ఉంటుంది. జిగురు తియ్యకముందే పది వేళ్లకీ ఒక్కోటీ ఆనించి చూసి, వేళ్ల వరసలోనే బల్ల మీద పేర్చుకోండి. రెండు చేతులూ ఒకేలా ఉంటాయనుకోకండి. నా కుడి బొటనవేలు ఎడమదానికంటే ఒక సైజు పెద్దది. పెట్టుడు గోరు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అసలు గోటిని సరిగ్గా కప్పాలి, పక్క చర్మం మీదికి ఎక్కకూడదు. చర్మం మీదికెక్కితే వేలు కదిలినప్పుడల్లా లేస్తుంది. చిన్నదైతే పక్కల్లో అసలు గోరు కనిపిస్తుంది, పట్టు కూడా తక్కువ. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకుని పక్కలు ఫైలర్‌తో అరగదియ్యండి. మీ అంకెలు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పడేసుకుంటే మరుసటిసారి పావుగంట కలిసొస్తుంది.

సైజు సరిపోయినా వంపు కుదరకపోవచ్చు, ఈ సంగతి చాలామందికి తట్టదు. కొందరి గోళ్లు పలకల్లా చదునుగా ఉంటాయి, ప్లాస్టిక్ గోరు విల్లులా వంగి ఉంటుంది. నొక్కి పట్టినంతసేపూ కూర్చుంటుంది, వదలగానే పక్కలు పైకి లేస్తాయి. జిగురెంత పోసినా ఆ ప్లాస్టిక్ తన ఆకారానికే తిరిగి వెళ్లాలని చూస్తుంది. దాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక వేళ్లతో కాస్త విప్పి, అలాగే పట్టుకుని చల్లారనిచ్చి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి వాడండి. అప్పుడు కుదురుతుంది.

జిగురు గురించి కొంచెం తెలుసుకుంటే చెయ్యి దానంతటదే పొదుపు నేర్చుకుంటుంది. నెయిల్ గ్లూలో ఉండేది సయనోఅక్రిలేట్. 1942లో ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త, తుపాకుల గురిచూసే అద్దాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. తాకిన ప్రతిదానికీ అంటుకుపోతోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1958లో అదే జిగురుగా బజారుకొచ్చింది. గాలిలో, గోటిలో ఉండే లేశమాత్రపు తేమ తగలగానే గట్టిపడటం దీని స్వభావం. కాబట్టి పల్చటి పొర క్షణాల్లో బిగుస్తుంది. చుక్కలు చుక్కలుగా పోస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, పక్కలకి కారి చర్మానికి అంటుకుంటుంది. ఇల్లంతా వాడే అతుకు జిగురులోనూ ఇలాంటి పదార్థమే కదా అని దాన్ని గోటికి వాడకండి. అది చెప్పులకీ, బొమ్మలకీ చేసింది. గోటికి చేసింది గోటికే వాడాలి.

అసలు గోటి మధ్యలో ఒక చిన్న చుక్క, పెట్టుడు గోటి లోపల మొదటి సగంలో సన్నటి గీత. అంతే. పెట్టుడు గోరుని కాస్త ఏటవాలుగా పట్టుకుని, ముందు మొదలు వైపు చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆనించి, అక్కణ్ణుంచి కొసవైపు మెల్లగా కిందికి వాల్చండి. దోసెపిండి గరిటెతో మధ్యలోంచి అంచుకి జరిపినట్టు, లోపలి గాలి కొసవైపు నుంచి బయటికి పోవాలి. ఒకేసారి పైనుంచి పడేస్తే గాలి బుడగ లోపలే చిక్కుకుంటుంది, రేపు నీళ్లు చేరేది ఆ ఖాళీలోకే. అరనిమిషం కదపకుండా నొక్కి పట్టండి, తర్వాత రెండు పక్కలా ఇంకాసేపు. బొటనవేళ్లు ఆఖరున పెట్టుకోండి. మిగతావాటిని పట్టుకోవాలన్నా, నొక్కాలన్నా వాటితోనే పని.

ఇక్కడ ఒక హెచ్చరిక మనసులో పెట్టుకోండి. ఈ జిగురు ఒలికితే దూదితో తుడవకండి. సయనోఅక్రిలేట్ దూదికీ, నూలుబట్టకీ తగిలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, పొగ కూడా రావచ్చు, చర్మం కాలుతుంది. నూలు చీర ఒళ్లో పరుచుకుని ఈ పని చెయ్యొద్దు, పళ్లెం పెట్టుకుని బల్లమీద చెయ్యండి. వేలికి వేలు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో పెట్టి, నూనె రాసి, మెల్లగా దొర్లించి విడదీయండి. సీసా కంటిమందు సీసాలా ఉంటుంది, రెండింటినీ ఒకే అరలో పెట్టకండి. కంట్లో పడితే నీళ్లతో కడిగి, రెప్పలు బలవంతంగా విప్పకుండా, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక్క సాయంత్రం ఫంక్షన్‌కైతే జిగురు అక్కర్లేదు, రెండువైపులా అంటుకునే స్టికర్లు చాలు. ఒకటి రెండు రోజులుంటాయి, తియ్యడం తేలిక. జిగురుతో అయితే వారం, పదిరోజులు. అంతకంటే ఎక్కువ ఉంచాలని పంతం పట్టొద్దు. కింద అసలు గోరు పెరిగి, మొదట్లో ఖాళీ ఏర్పడి, జుట్టు దువ్వుకున్నప్పుడల్లా వెంట్రుకలు అందులో చిక్కుకుంటాయి.

పెట్టుకున్నాక కనీసం రెండు గంటలు చేతులు తడపకూడదు, జిగురు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. రాత్రి పడుకునే ముందు పెట్టుకోమనడం అందుకే. మర్నాటి నుంచి అంట్లకి గ్లవ్స్ వేసుకోండి.

పొడుగు గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మనం చేత్తో అన్నం తినేవాళ్లం. పప్పూ, ఆవకాయా, నెయ్యీ కలిపి ముద్ద చేసేది వేళ్ల కొసలు. గోరు వేలికంటే సెంటీమీటరు ముందుకుంటే ముద్ద కుదరదు, గోటికింద కారం చేరుతుంది, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చెప్పక్కర్లేదు. లేతరంగు ప్లాస్టిక్‌కి పసుపు పట్టిందంటే ఒక పట్టాన పోదు. పూలు కట్టేవాళ్లూ, చీరకి పిన్నులు పెట్టుకునేవాళ్లూ, చంటిపిల్లలకి నీళ్లు పోసేవాళ్లూ పొట్టివే ఎంచుకోవాలి. సెట్టులో పొడుగువే ఉంటే అతికించాక కత్తిరించకండి, పెట్టుకునే ముందే కట్టర్‌తో కొసలు తీసి ఫైలర్‌తో నున్నగా చేసుకోండి. పొట్టి గోరు ఎక్కువ రోజులుంటుంది కూడా. పొడుగు గోరు దేనికి తగిలినా తరాజులా మొదలు దగ్గర పైకి లేస్తుంది.

పెళ్లికూతుళ్లకి మాత్రం వేళ లెక్క వేరు. మెహందీ పెట్టించుకుంటే గోళ్లు ఆ మర్నాటి తర్వాతే. కోనులో కలిపే నీలగిరి తైలం, లవంగ నూనె, పైన పూసుకునే నూనె అన్నీ గోటిమీదే ఉంటాయి. ముహూర్తం రాత్రికుండి మంగళస్నానం సాయంత్రమైతే, స్నానానికీ గోళ్లకీ మధ్య గంటన్నరైనా దొరికేలా ముందే ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. ఆ టైములో జడ, చీర కట్టడం కానివ్వండి, చేతులు ఆరుతుంటాయి. జీలకర్రా బెల్లం తడిగా, జిగటగా ఉంటుంది. అరచేతిలో తమలపాకు మీద ఉంచుకుంటారు గనక గోళ్లదాకా రాకుండా చూసుకోవచ్చు. పెళ్లికూతురి పక్కన కూర్చునే పిన్నిగానీ వదినగానీ సంచిలో ఆ సైజుల గోళ్లు రెండు మూడు, స్టికర్లు ఉంచుకోవాలి. ఆ రోజు నా సంచిలో లేవు.

మధ్యలో ఒకటి ఊగడం మొదలైతే దానిమీదే జిగురు చుక్క వెయ్యకండి. లోపల చేరిన నీళ్లు అలాగే బందీ అవుతాయి. చీకటీ తడీ ఉన్నచోట సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి అసలు గోటిమీద ఆకుపచ్చ మచ్చ వస్తుంది. ఊగిన గోరు పూర్తిగా తీసి, ఆరబెట్టి, మొదట్నుంచీ మళ్లీ పెట్టండి. మచ్చ కనిపించినా, వేళ్ల చుట్టూ దురద, ఎరుపు, వాపు వచ్చినా అన్నీ తీసేసి చర్మవ్యాధుల డాక్టరుకి చూపించాలి. కొందరికి ఈ జిగురు పడదు. పడనివాళ్లు ఇంకో కంపెనీది ప్రయత్నించి చూద్దామనుకోకూడదు.

తియ్యడం గురించే అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది నాకు, ఎందుకంటే అక్కడే ఓపిక అయిపోతుంది. పెట్టుకునే రోజు ఉత్సాహం ఉంటుంది. తీసే రోజు ఏముంటుంది? బస్సులో కూర్చుని, ఆఫీసులో ఫోన్ మాట్లాడుతూ, ఒక మూల లేచిన గోరుని పక్కవేలితో గిల్లుతూ, లాగుతూ ఉంటాం. 'టక్'మని ఊడుతుంది. తిప్పి చూస్తే ఆ ప్లాస్టిక్ లోపల తెల్లటి పొరలు అంటుకుని కనిపిస్తాయి. అవి జిగురనుకుంటారు చాలామంది. వెలుతురులో పట్టుకుని చూడండి, పెచ్చుల్లా ఉంటాయి. అది మీ గోరే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

వెడల్పాటి గిన్నెలో చేతికి ఓర్చుకునేంత వేడినీళ్లు పొయ్యండి. కాస్త షాంపూ, రెండు చెంచాల కొబ్బరినూనె వెయ్యండి. ముందు వద్దన్న నూనె ఇప్పుడు మన పక్షాన పనిచేస్తుంది. పావుగంట చేతులు అందులో ఉంచి, చెక్కపుల్లని పక్క అంచు నుంచి కిందికి పోనివ్వండి. పోనంటే మళ్లీ నానబెట్టండి. ఇరవై నిమిషాలు పట్టొచ్చు, అరగంట పట్టొచ్చు. ఇంకా మొండికేస్తే అంచుల వెంట అసిటోన్ వాడొచ్చు గానీ, అది ప్లాస్టిక్ గోరుని కూడా కరిగిస్తుంది, ఆ సెట్టు మళ్లీ పనికిరాదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, గ్యాస్ పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా సీసా తెరవకండి. వచ్చిన గోళ్లలో మిగిలిన జిగురుని ఫైలర్‌తో తీసి, తుడిచి, అంకెలవారీగా డబ్బాలో పెట్టుకుంటే ఇంకో రెండుసార్లయినా వస్తాయి. మీ సొంత గోళ్లకి నూనె మర్దనా చేసి, కొన్నాళ్లు ఊరికే వదిలెయ్యండి.

పెట్టుకోకూడని సందర్భాలూ ఉన్నాయి. రోగుల్ని తాకి పనిచేసే ఆరోగ్య సిబ్బంది పెట్టుడు గోళ్లు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఉంది, గోళ్లకింద క్రిములు చేరతాయని. గోరుచుట్టు, ఫంగస్ ఉన్న వేలికి అసలే వద్దు. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ముందే తీసెయ్యాలి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే క్లిప్పు, పెట్టుడు గోటి మీద సరిగ్గా చదవకపోవచ్చు.

ఈ చివరి సంగతి మొన్న మా అక్క కూతురి సీమంతానికి పనికొచ్చింది. నెలలు నిండుతున్న పిల్ల, ఏ రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తుందో తెలియదు. అందుకని జిగురు కాకుండా స్టికర్లే తెచ్చాను, చెర్రీరంగు పొట్టి గోళ్లు. గాజులు తొడిగే మరదళ్లకి చేతికి సబ్బు రాయొద్దని ముందే చెప్పాను, వేళ్లు దగ్గరికి చేర్చి ప్లాస్టిక్ కవరు తొడిగి ఎక్కించమన్నాను. ముందురోజు రాత్రి భోజనాలయ్యాక ఆల్కహాల్ సీసా అందుకోబోతుంటే తనే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు పిన్నీ, చేతులు ఇప్పుడేగా కడుక్కున్నాను. ఇంకో గంట ఆగుదాం" అంది. దిండు ఆనుకుని, పది వేళ్లూ విడివిడిగా చాపి, ఫ్యాన్ కింద కూర్చుంది. నేను ఎదురుగా బల్లమీద సైజులు వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను.